పసిచేతి రాతలో తిరగబడ్డ అక్షరాలు

యూకేజీ చదివే మా పక్కింటి పాప ఒక సాయంత్రం పలక పట్టుకొచ్చి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి చూపించింది. అన్నీ ముద్దుగా ఉన్నాయి. 3, 7 మాత్రం అద్దంలో చూసినట్టు ఉన్నాయి. వాళ్లమ్మ వెనకాలే వచ్చింది. "రోజూ పక్కన కూర్చుని రాయిస్తున్నాను మాస్టారూ, అయినా తిరగేసే రాస్తోంది. డిస్లెక్సియా ఏమోనని భయంగా ఉంది" అంది. పలక తుడిచి, "ఇంకోసారి మూడు వెయ్యమ్మా" అన్నాను. ఈసారి అంకెను కాకుండా పాప చేతిని చూశాను. బలపం పైన కుడి మూలన ఆనించింది. అక్కణ్నుంచి ఎడమకు ఒక వంపు, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో వంపు. రెండు పొట్టలూ సమంగా, చక్కగా వచ్చాయి. పాపకు మూడు ఎలా ఉంటుందో పూర్తిగా తెలుసు. దాన్ని ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో ఒక్కటే ఇంకా చేతికి అలవాటు కాలేదు.

బళ్లలో పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఈ డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది) భయం వినిపిస్తుంది. కొందరు టీచర్లు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఆ అక్షరాన్నే వందసార్లు రాసుకు రమ్మంటారు. కొందరు తల్లిదండ్రులు కంటి డాక్టరు దగ్గరికి, మరికొందరు ఏకంగా "బ్రెయిన్ ట్రైనింగ్" కేంద్రాలకు పరుగెత్తుతారు. పిల్లలు అక్షరాలను ఎందుకు తిరగేస్తారన్న ప్రశ్నపై వందేళ్లుగా పరిశోధన సాగుతోంది. అందులో నిలిచిందేది, వీగిపోయిందేది, మన పిల్లలకు పనికొచ్చేదేది అన్నది ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం పని.

కంటికి ముందే వచ్చిన పాఠం

మొదట తెలుసుకోవలసింది ఇది: తిరగేసి రాయడం చూపులో లోపం కాదు. చూపు తన పని బాగా నేర్చుకున్నందుకే ఆ తప్పు వస్తోంది. చెంబు చెవి కుడివైపున్నా ఎడమవైపున్నా అది చెంబే. ఆవు అటు తిరిగి నిలబడినా ఇటు తిరిగి నిలబడినా ఆవే. పుట్టిన దగ్గర్నుంచి బిడ్డ ఈ పాఠాన్ని లెక్కలేనన్నిసార్లు నేర్చుకుంటుంది. వస్తువు ఏ వైపు తిరిగినా దాన్ని ఒకటిగానే గుర్తించడం మెదడుకు చాలా చిన్ననాడే అబ్బే నేర్పు. అడవిలో బతికిన మనిషికి అది ప్రాణరక్షణ. పులి ఎడమ పక్క నుంచి వచ్చినా కుడి పక్క నుంచి వచ్చినా అది పులేనని క్షణంలో తెలియాలి.

అక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఈ సూత్రం పనిచేయదు. ఇంగ్లీషులో నిలువు గీతకు కుడివైపు పొట్ట పెడితే స్మాల్ బి, ఎడమవైపు పెడితే స్మాల్ డి. అదే గీతను కిందికి దించితే పి, క్యూ. అప్పటిదాకా బిడ్డ చూసిన ప్రపంచంలో వస్తువు తిరిగినంత మాత్రాన పేరు మారిన సందర్భం లేదు. ఒక్క అక్షరాల్లోనే ఆ నియమం తలకిందులైంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ ఈ సంగతిని చాలా స్పష్టంగా వివరించారు. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది. చదవడం కోసం ప్రత్యేకమైన భాగం మెదడులో ఏర్పడటానికి ఆ కాలం చాలదు. అందుకని మెదడు ముఖాలను, వస్తువులను గుర్తుపట్టే పాత యంత్రాంగంలోనే కొంత భాగాన్ని చదువుకు మళ్లించుకుంటుంది. మెదడు ఎడమ అర్ధభాగంలో వెనక, కింది వైపున ఉండే ఒక చిన్న ప్రాంతం ఆ పని చేపడుతుంది. పాత ఇంటిని కొత్త అవసరానికి వాడుకున్నప్పుడు పాత అలవాట్లు కొన్ని వెంట వస్తాయి. కుడిఎడమల తేడాను పట్టించుకోకపోవడం వాటిలో ఒకటి. చదువు నేర్చుకోవడమంటే ఆ అలవాటును అక్షరాల వరకు వదులుకోవడం. అది ఒక్క రోజులో జరగదు. అందుకే నాలుగు నుంచి ఏడేళ్ల లోపు పిల్లల్లో అద్దపు రాత దాదాపు ప్రతి దేశంలోనూ, ప్రతి బడిలోనూ కనిపిస్తుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. తన పేరు రాయడం అప్పుడే నేర్చుకున్న అయిదేళ్ల పిల్లవాడికి కాగితం ఇచ్చి, కుడి అంచు దగ్గర ఒక చుక్క పెట్టి, "ఆ చుక్క దగ్గర మొదలుపెట్టి నీ పేరు రాయి" అనండి. కుడివైపు చోటు లేదు కాబట్టి ఆ వయసు పిల్లల్లో చాలామంది ఎడమవైపుకు రాసుకుంటూ పోతారు. పేరు మొత్తం, ఒక్కో అక్షరంతో సహా, అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది. అదే పిల్లవాడికి చుక్క ఎడమ అంచున పెడితే చక్కగా రాస్తాడు. ఈ ప్రయోగాన్ని పరిశోధకులు ఎప్పటినుంచో చేస్తున్నారు. అక్షరం ఆకారం మనసులో ఉంది, దిక్కు మాత్రం ఇంకా కుదురుకోలేదు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

వందేళ్ల వాదం

అమెరికాలోని అయోవాలో పనిచేసిన వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ 1925లో ఈ చర్చకు పునాది వేశారు. తెలివితేటలు బాగానే ఉండి చదవడంలో వెనకబడిన పిల్లలు అక్షరాలను, పదాలను తిరగేయడం ఆయన గమనించారు. దానికి 'మెలికపడిన గుర్తులు' అనే అర్థం వచ్చే గ్రీకు పేరు పెట్టారు. మెదడు రెండు అర్ధభాగాల్లో ఒకే అక్షరానికి ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబాల్లాంటి రూపాలు నిలుస్తాయని, ఒక వైపు రెండో వైపును అణచలేనప్పుడు ఈ తికమక వస్తుందని ఆయన ఊహ. డిస్లెక్సియా అంటే అక్షరాలు తిరగబడటమే అనే నమ్మకం లోకంలో పాతుకుపోవడానికి మూలం ఇదే.

ఆ ఊహ పరీక్షకు నిలవలేదు. 1971లో పరిశోధకురాలు ఇసబెల్ లిబర్‌మన్, ఆమె సహచరులు చదువులో వెనకబడిన రెండో తరగతి పిల్లల తప్పులన్నీ ఒక్కొక్కటిగా లెక్కించారు. అక్షరం దిక్కు మారిన తప్పులు, అక్షరాల వరుస మారిన తప్పులు రెండూ కలిపినా మొత్తంలో నాలుగో వంతే. మిగిలినవన్నీ అచ్చులను, హల్లులను వేరేగా చదివిన మామూలు తప్పులు. అదే దశకంలో మరో పరిశోధకుడు ఫ్రాంక్ వెల్లుటినో మరో మెట్టు ముందుకు వెళ్లారు. చదవలేని పిల్లలకు ఒక పదాన్ని కాసేపు చూపించి దాచేసి రాయమంటే చాలావరకు సరిగ్గానే రాశారు. అదే పదాన్ని పైకి చదవమంటే తప్పుగా చదివారు. ఎవరికీ తెలియని హీబ్రూ అక్షరాలు చూపిస్తే, వెనకబడిన పిల్లలు మిగతా పిల్లలతో సమానంగానే గుర్తుపెట్టుకున్నారు. కంటికి అక్షరం తిరగబడి కనిపించడం లేదు. కనిపించిన గుర్తుకు సరైన శబ్దాన్ని జతచేయడంలో చిక్కు ఉంది. బీ, డీ అనే పేర్లు వినడానికి దగ్గరగా ఉండటం, రెండింటి ధ్వనులూ ఒక కుదురుకు చెందినవి కావడం ఆ చిక్కును ఇంకాస్త పెంచుతాయి. డిస్లెక్సియాలో అసలు ఇబ్బంది చాలావరకు మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో ఉందని ఇప్పుడు విస్తృతంగా అంగీకరిస్తున్నారు.

మరి మామూలు పిల్లలు కొన్నింటినే ఎందుకు తిరగేస్తారు? ఫ్రాన్సులో పరిశోధకుడు జాన్ పాల్ ఫిషర్ గత పదిహేనేళ్లలో దీనికి మంచి సమాధానం చూపించారు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కుడిఎడమలు ఒకేలా లేనివాటిలో ఎక్కువ భాగం కుడివైపు ముఖం పెట్టి ఉంటాయి. ఎడమవైపు చూసే జె, జెడ్ అక్షరాలను, 1, 2, 3, 7, 9 అంకెలను పిల్లలు ఎక్కువగా తిరగేస్తున్నారని తేలింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు "రాత కుడివైపు చూస్తుంది" అన్న నియమాన్ని పట్టేసి, దాన్ని అన్నింటికీ వర్తింపజేస్తున్నారన్నమాట. మన ఇళ్లలో రెండు మూడేళ్ల పిల్లలు "ఇళ్లు" అనడానికి బదులు "ఇల్లులు" అన్నప్పుడు జరిగేది కూడా ఇదే. తప్పు చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది నియమం నేర్చుకున్న గుర్తు. ఎడమచేతి వాటానికీ దీనికీ ముడిపెట్టడమూ సరికాదు. కుడిచేతి పిల్లలూ ఇంతే తిరగేస్తారు. ఎడమచేతి పిల్లల చేయి మార్పించడం వల్ల ఇబ్బంది పెరగడమే తప్ప మేలు లేదు.

మన లిపిలో ఈ సమస్య రూపం

ఇంతవరకు చెప్పుకున్న పరిశోధన ఎక్కువగా రోమన్ లిపి మీదే జరిగింది. తెలుగు పిల్లల సంగతి కొంత వేరు. అచ్చంగా ఒకదానికొకటి అద్దపు బొమ్మలైన బి, డి లాంటి జంటలు మన వర్ణమాలలో లేవు. ఉ ని తిరగేసి రాసినా అది ఉ గానే తెలుస్తుంది, మరో అక్షరమైపోదు. మన అక్షరాల్లో తేడా చిన్న చుక్కలో, కొమ్ములో, ఒత్తు గీతలో ఉంటుంది. ర పొట్టలో చుక్క పెడితే ఠ, ద కింద గీత దించితే ధ, ఆ ధ పొట్టలో చుక్క పెడితే థ. ప-వ-ష, న-స, ఎ-ఏ-ఐ: ఇలాంటి గుంపుల దగ్గర పిల్లలు ఆగిపోతారు. తలకట్టును అటుది ఇటు వేయడం, గుడిని వేరే వైపు చుట్టడం, క్ర రాసేటప్పుడు ర ఒత్తును ఎడమ నుంచి చుట్టాలని మరిచిపోవడం మన బళ్లలో తరచూ చూసేవే. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంపై సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో, గుణింతాలు, ఒత్తులు కలిసిన అక్షరాలపై పట్టు రావడానికి పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో చాలా ఏళ్లు పడుతోందని తేలింది. ఇరవై ఆరు అక్షరాల భాషకు పెట్టిన గడువును వందలాది రూపాలున్న లిపికి పెట్టకూడదు.

తమిళనాడులో ఎరిక్ పెడర్సన్ చేసిన అధ్యయనం మనకు మరీ దగ్గరిది. తమిళ లిపిలోనూ అద్దపు జంటలు లేవు. తమిళం మాత్రమే చదవగలిగిన పెద్దలు, అసలు చదువురాని వాళ్లలాగే, అద్దపు బొమ్మల మధ్య తేడాను అంతగా పట్టించుకోలేదు. రోమన్ లిపి కూడా వచ్చిన వాళ్లు ఆ తేడాను చటుక్కున పట్టారు. అంటే కుడిఎడమల తేడాను చూడటం కంటికి సహజంగా వచ్చే గుణం కాదు. అలా చూడక తప్పని లిపి నేర్చుకున్నప్పుడే అది అబ్బుతుంది. తమిళుల విషయంలో నిజమైనది తెలుగువాళ్ల విషయంలోనూ నిజమయ్యే అవకాశం ఎక్కువ.

ఎల్‌కేజీలో చేరిన తెలుగు పిల్ల పరిస్థితి దీన్నిబట్టి ఊహించండి. ఒక చేత్తో అ, ఆలు, మరో చేత్తో ఏబీసీడీలు, మధ్యలో అంకెలు. తల్లి లిపి ఏనాడూ అడగని ఒక కొత్త తేడాను ఇంగ్లీషు మొదటి నెలలోనే అడుగుతుంది. మన పిల్లలు బి, డి దగ్గర తడబడుతున్నారంటే మందబుద్ధి అనుకోవడం అన్యాయం. రెండు లిపులను ఒకేసారి నెత్తిన పెట్టిన ఏర్పాటునే ప్రశ్నించాలి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. ఆ అయిదేళ్ల గడువు నిజంగా ఇస్తే ఈ సమస్యలో సగం దానంతటదే కరిగిపోతుంది.

చేయి నేర్పే చదువు

ఇక పరిష్కారం. ఇక్కడ పరిశోధన చెప్పేదానికీ మన పెద్దల ఆచారానికీ ఆశ్చర్యకరమైన పొత్తు కుదురుతుంది. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టి రాయిస్తాం. పాతకాలపు వీధిబడిలో ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించేవారు, దిద్దుతూ పైకి పలికించేవారు. కన్ను, చెవి, నోరు, వేలు ఒకేసారి పనిచేసేవి. ఆర్టన్ సిద్ధాంతం వీగినా, ఉపాధ్యాయురాలు అన్నా గిల్లింగ్‌హామ్‌తో కలిసి ఆయన రూపొందించిన బోధన పద్ధతి నిలవడానికి కారణం ఇదే. చూసి, పలికి, చేత్తో తాకి నేర్చుకోవడం దాని ప్రాణం. విద్యావేత్త మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలు కూడా ఆ కోవలోనివే. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో వందల మంది ఉపాధ్యాయులకు ఆ పద్ధతి నేర్పారు.

2012లో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అయిదేళ్ల పిల్లల మెదడును ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే స్కాన్ ద్వారా పరిశీలించారు. కొందరు అక్షరాన్ని సొంతంగా రాశారు, కొందరు గీతల మీద దిద్దారు, కొందరు కీబోర్డు మీద నొక్కారు. తర్వాత అక్షరాన్ని చూపించినప్పుడు, సొంతంగా రాసిన పిల్లల మెదడులోనే చదువుకు సంబంధించిన ప్రాంతాలు పెద్దవారిలో లాగా చురుకయ్యాయి. ఇందులో మనకొక హెచ్చరిక ఉంది. దిద్దడం మొదటి మెట్టు మాత్రమే. చుక్కల గీతల వర్క్‌షీట్లు పుస్తకాలకు పుస్తకాలు నింపించి ఆగిపోతే, చేయి గీతను అనుసరిస్తుంది, అక్షరాన్ని నేర్చుకోదు. దిద్దిన వెంటనే తుడిచి, చూడకుండా రాయించాలి. వంకరగా వచ్చినా సరే.

2021లో బ్రెజిల్ పరిశోధకులు కరెంట్ బయాలజీ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకటో తరగతి పిల్లలకు మూడు వారాలపాటు రోజూ కొద్దిసేపు, అక్షరం దిక్కును చూస్తూ, ధ్వని పలుకుతూ, చేత్తో గీస్తూ సాధన చేయించారు. సాధన తర్వాత పగటిపూట నిద్రపోయిన పిల్లల్లో ఫలితం గట్టిగా నిలిచింది. చదివే వేగం రెట్టింపయింది. అధ్యయనం చిన్నది, పిల్లల సంఖ్య తక్కువ. అయినా అది చూపిన దారి పాత అనుభవంతో సరిపోతోంది: కొద్దిసేపు, రోజూ, అన్ని ఇంద్రియాలతో, ఆపై విశ్రాంతి.

ఇంట్లో, తరగతిలో

వీటన్నింటి నుంచి తల్లిదండ్రులు, టీచర్లు చేయదగ్గ పనులు కొన్ని తేలుతాయి.

మొదటిది, పూర్తయిన అక్షరాన్ని కాకుండా రాస్తున్న చేతిని చూడాలి. ఎక్కడ మొదలైంది, ఏ వైపు కదిలింది అన్నదే అసలు కిటుకు. స్మాల్ బి ని పై నుంచి కిందికి గీత గీసి, తిరిగి పైకి వచ్చి కుడికి పొట్ట చుట్టాలి. డి ని ముందు పొట్టతో మొదలుపెట్టాలి: సి రాసి, దాన్ని ముగించకుండా పైకి వెళ్లి కిందికి దిగాలి. "బి కి ముందు కర్ర, డి కి ముందు పొట్ట" అని పలుకుతూ రాస్తే రెండు అక్షరాలూ చేతికి రెండు వేర్వేరు ప్రయాణాలవుతాయి. రెండింటినీ ముందు కర్రతోనే మొదలుపెట్టే అలవాటు తికమకను పెంచుతుంది.

రెండోది, పోలికున్న అక్షరాలను ఒకే వారంలో నేర్పకూడదు. బి పూర్తిగా చేతికి వచ్చి, పదాల్లో ధైర్యంగా రాయగలిగాక, కొన్ని వారాల తర్వాత డి. తెలుగులోనూ ప నిలిచాక వ, ద నిలిచాక ధ. వర్ణమాల వరుస నోటితో పాడటానికి బాగుంటుంది. రాయడానికి అదే వరుస ఉండాలన్న నియమం లేదు. రూపాల పోలికను బట్టి, చేతి కదలికను బట్టి గుంపులు చేసుకోవచ్చు.

మూడోది, మొదలుపెట్టే చోటు చూపించాలి. పలకకు, పుస్తకానికి ఎడమ అంచున ఒక ఆకుపచ్చ చుక్క పెడితే చాలు. గాలిలో చేయి చాపి పెద్దగా రాయించడం, నేల మీద సుద్దతో వేసిన అంకె మీద నడిపించడం, తడి ఇసుకలో వేలితో రాయించడం చిన్న గీతల పుస్తకం కన్నా ముందు జరగాలి.

నాలుగోది, గుర్తుకు ఒక ఆసరా ఇవ్వాలి. రెండు పిడికిళ్లు తన వైపు తిప్పుకుని బొటనవేళ్లు పైకి నిలిపితే ఎడమచేయి బి, కుడిచేయి డి అవుతుంది. రెండూ కలిస్తే 'బెడ్', మంచం ఆకారం. పిల్లలు ఈ కిటుకును పరీక్షలో కూడా బల్ల కింద వాడుకుంటారు. వాడుకోనివ్వాలి.

అయిదోది, తిట్టకూడదు, వందసార్లు రాయించకూడదు. తప్పు దిక్కులో వందసార్లు రాస్తే తప్పే గట్టిపడుతుంది. "ఇది చక్కగా ఉంది, ఇక్కణ్నుంచి మొదలుపెట్టి ఇంకోసారి వేద్దామా" అని మూడుసార్లు సరైన దారిలో రాయిస్తే అంతకన్నా మంచి ఫలితం ఉంటుంది.

ఎప్పుడు ఆలోచించాలి?

ఏడేళ్లు నిండేదాకా, అంటే సుమారుగా రెండో తరగతి వరకు, అప్పుడప్పుడు అక్షరాలు తిరగేయడం ఎదుగుదలలో భాగం. ఎనిమిదేళ్లు దాటాక కూడా తరచూ కొనసాగుతుంటే ఆగి చూడాలి. అప్పుడు కూడా తిరగబడ్డ అక్షరం ఒక్కదాన్నే చూడకూడదు. ప్రాసమాటలు పట్టుకోలేకపోవడం, మాటలోని ధ్వనులను విడదీసి చెప్పలేకపోవడం, తెలిసిన పదాన్ని కూడా ప్రతిసారీ కూడబలుక్కోవడం, ఇంట్లో మరెవరికో ఇలాంటి ఇబ్బంది ఉండటం: ఇవి అసలు సూచనలు. అక్షరాలన్నీ సరైన దిక్కులోనే రాస్తూ, ధ్వనుల దగ్గర ఇబ్బంది పడుతున్న పిల్లవాడు ఎవరి కంటా పడకుండా వెనకబడిపోవడం ఇంతకన్నా ప్రమాదం. 2007 నాటి 'తారే జమీన్ పర్' సినిమా డిస్లెక్సియా పేరును ఇంటింటికీ చేర్చి గొప్ప మేలు చేసింది. దాంతోపాటే, తిరగబడ్డ అక్షరమే ఆ సమస్యకు ముఖచిత్రమన్న భావన కూడా జనంలో స్థిరపడింది. ఆ భావనను ఇప్పుడు సవరించుకోవాలి.

కంటిచూపు, వినికిడి పరీక్షలు తప్పకుండా చేయించాలి. చూపు మందగించిన పిల్లలకు కళ్లద్దాలు కావాలి. కానీ కంటి వ్యాయామాలతో, రంగుటద్దాలతో చదువు ఇబ్బంది తీరుతుందన్న ప్రచారానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే ఉమ్మడిగా ప్రకటించాయి. వేలకు వేలు పోసే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నిజంగా సహాయం కావలసిన పిల్లలకు దారులున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. ధ్రువీకరణ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు పొందవచ్చు. క్లినికల్ సైకాలజిస్టులు బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలతో అంచనా వేస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో ఉన్న భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులను అడగడం మొదటి అడుగు కావచ్చు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాషలోనూ పరీక్షించమని అడగండి. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షిస్తే, ఇంగ్లీషు రాకపోవడాన్ని వైకల్యంగా లెక్కగట్టే ప్రమాదముంది.

వందేళ్ల పరిశోధన సారం ఇది. తిరగబడ్డ అక్షరం కంటి జబ్బు కాదు, మెదడు లోపానికి దానంతటదే సాక్ష్యమూ కాదు. చేతికి దారి చూపి, చెవికి శబ్దం వినిపించి, కొంత కాలం ఇస్తే దాదాపు పిల్లలందరూ దాన్ని దాటుతారు. దాటలేని కొద్దిమందిని గుర్తుపట్టాలంటే చూడవలసింది అక్షరం దిక్కును కాదు, శబ్దంతో వాళ్లు పడే పాట్లను.

పక్కింటి పాపకు మూడు మొదలయ్యే చోట, పలక ఎడమ పక్కన, ఒక చుక్క పెట్టి ఇచ్చాను. నాలుగోసారికి 3 సరిగ్గా వచ్చింది. మర్నాడు మళ్లీ తిరగబడింది, ఆ మర్నాడు మళ్లీ సరిగ్గా వచ్చింది. అలాగే వస్తుంది. మీ ఇంట్లోనూ ఆ పలక ఉంటే, ముందు ఎర్ర పెన్ను పక్కన పెట్టి, పిల్ల చేయి ఎక్కడ మొదలవుతోందో ఒక్కసారి చూడండి.